ఇంటిపేరు సెర్పిన్

జన్యు పరీక్షకు పంపేటప్పుడు జన్యువు పేరులో జి ఉండాల్సిన చోట సి పడింది. ఆ ఒక్క అక్షరం వల్ల మా చిన్నమ్మ బిడ్డ మూడు నెలల పాటు తల్లికి ఉన్న వాపు జబ్బు తనకు రాలేదని నమ్మింది. ఆ ధీమాతోనే జ్ఞానదంతం తీయించుకోవడానికి తేదీ కూడా ఖాయం చేసుకుంది. మధ్యలో బతుకమ్మ వచ్చింది, ఊరికి పోవాలని వాయిదా వేసుకుంది. ఆ వాయిదా పడకపోతే ఏమయ్యేదోనని తలుచుకుంటే నాకు ఇప్పటికీ చేతులు చల్లబడతాయి.

నేను హనుమకొండలో డిగ్రీ పిల్లలకు జీవరసాయనశాస్త్రం చెప్తాను. జన్యువుల పేర్ల దగ్గరికి వచ్చేసరికి క్లాసులో ప్రతి ఏడూ ఒకే ప్రశ్న వస్తుంది. "పేరుదేముంది మేడం, పని తెలిస్తే సరిపోదా?" తోటి లెక్చరర్లు కూడా ఇదే మాట అంటారు. పేర్లు బట్టీ పట్టించి పిల్లలను ఎందుకు సతాయిస్తావని అడుగుతారు. సరిపోదని చెప్పడానికే ఇది రాస్తున్నాను. పేరు వెనక ఒక చరిత్ర ఉంటుంది. ఆ చరిత్ర తెలియకుండా పేరును వాడితే మనిషి ప్రాణం మీదికి రావచ్చు. మా ఇంట్లో వచ్చింది.

చిన్నమ్మ అంటే మా చిన్నాయన భార్య. పరకాల దగ్గర ఊరు. పెళ్లయి వచ్చినప్పటి నుంచీ ఆమెకు ఉన్నట్టుండి పెదవులు ఉబ్బేవి, ఒకసారి కనురెప్ప, ఒకసారి చెయ్యి. దురద ఉండదు, దద్దుర్లు ఉండవు, వట్టి వాపు. కొన్నిసార్లు కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి, వాంతులు. ఒకసారి అపెండిక్స్ అనుకుని ఆపరేషన్ దాకా తీసుకెళ్లారు. మిగతా అన్నిసార్లూ చెప్పింది ఒకటే, అలర్జీ. అలర్జీ సూది, స్టెరాయిడ్ సూది వేసి పంపేవాళ్లు. మూడో రోజుకు వాపు దిగేది. సూది వల్లే దిగిందని అందరం అనుకున్నాం. నిజానికి ఈ వాపు ఏ మందూ వేయకపోయినా రెండు నుంచి ఐదు రోజుల్లో దానంతట అదే దిగిపోతుంది. ఆ సంగతి తెలియక ఆమె వంకాయ మానేసింది, చేపలు మానేసింది, పల్లీలు మానేసింది. తాయెత్తు కట్టుకుంది. ఒక డాక్టరు టెన్షన్ ఎక్కువ తీసుకుంటున్నావమ్మా అన్నాడు. ఇంటికి వచ్చి నాతో అంది, "నాకేం టెన్షన్ బిడ్డా? పత్తి ఏరిన నాడు చెయ్యి ఉబ్బుతది, పండుగ నాడు మూతి ఉబ్బుతది. టెన్షన్ ఉన్ననాడు ఏం గాదు."

ఆమె చెప్పింది అక్షరాలా నిజం. పొద్దంతా పత్తికాయల నుంచి దూది లాగే చేతి మీద పడే ఒత్తిడి ఈ వాపును రేపుతుంది. పన్ను పీకించుకున్నా రేపుతుంది. టెన్షన్ మాట మాత్రం ఎక్కడి నుంచి వచ్చిందో తర్వాత పుస్తకాలు తిరగేస్తే తెలిసింది. జర్మనీలో క్విన్‌కే అనే వైద్యుడు ఇలాంటి వాపుల గురించి 1882లో రాశాడు. 1888లో విలియం ఆస్లర్ ఒకే కుటుంబంలో ఐదు తరాల పాటు వచ్చిన వాపులను వివరించి, వంశపారంపర్య ఆంజియోన్యూరోటిక్ ఎడీమా అన్నాడు. ఆంజియో అంటే రక్తనాళం, న్యూరోటిక్ అంటే నరాలకు సంబంధించినది. రక్తనాళాలను నడిపే నరాల్లో ఏదో తేడా ఉందని ఆ రోజుల్లో అనుకున్నారు. నరాల పాత్ర లేదని తర్వాత తేలింది. పేరులో మాత్రం దాదాపు వందేళ్లు అది నిలిచిపోయింది. రోగి మనసులోనే జబ్బు ఉందనే అనుమానం కూడా ఆ పేరుతో పాటే తరాలు దాటింది. ఒక పేరు ఎంత హాని చేయగలదో అర్థం చేసుకోవడానికి నాకు ఇంతకంటే పెద్ద ఉదాహరణ అక్కర్లేదు.

నలభై దాటాక చిన్నమ్మకు బీపీ వచ్చింది. రామిప్రిల్ మాత్ర రాశారు. అది మొదలుపెట్టిన కొన్ని వారాలకు ఒక రాత్రి గొంతు మారింది, మింగుడు పడలేదు. కారులో వరంగల్ తీసుకొచ్చేసరికి ఊపిరికి కూత వస్తోంది. అక్కడ పీజీ చేస్తున్న ఒక డాక్టరమ్మ మాత్రమే అడగాల్సిన ప్రశ్న అడిగింది. "మీ పుట్టింట్ల ఇంకెవరికన్న ఇట్లయితదా?" చిన్నమ్మ చేత్తో సైగ చేసింది, ఆమె తమ్ముడు చెప్పాడు. "మా నాయన గొంతు బిగుసుకునే పోయిండు మేడం."

ఆ రాత్రి ప్లాస్మా ఎక్కించారు. తెల్లారేసరికి ఊపిరి తేలికైంది. రక్తంలో సి4 అనే ప్రొటీన్ చూశారు, బాగా తక్కువ. తర్వాత సి1 ఇన్హిబిటర్ చూశారు, అదీ తక్కువే. దాదాపు యాభై వేల మందిలో ఒకరికి ఉండే లోపం ఇది. తల్లికో తండ్రికో ఉంటే ప్రతి బిడ్డకూ రావడానికి సగం అవకాశం. బీపీ మాత్ర మార్చారు. ఆ మాత్ర సంగతికి మళ్లీ వస్తాను.

సి1 ఇన్హిబిటర్. ఈ పేరు చూడండి. సి1 అంటే మన రోగనిరోధక వ్యవస్థలోని కాంప్లిమెంట్ అనే ప్రొటీన్ల వరుసలో మొదటిది. దాన్ని ఆపేది కాబట్టి సి1 ఇన్హిబిటర్. 1963లో వర్జీనియా డొనాల్డ్‌సన్, రిచర్డ్ ఎవాన్స్ ఈ రోగుల రక్తంలో ఆ నిరోధకం లోపించిందని చూపించారు. పెద్ద ఆవిష్కరణ, అనుమానం లేదు. కానీ అంతకు ఒక ఏడాది ముందు, 1962లో, లాండర్‌మన్ బృందం వేరే వైపు వేలు చూపించింది. ఈ రోగుల్లో కల్లిక్రీన్ అనే ఎంజైమ్‌ను ఆపే శక్తి తగ్గిందని చెప్పింది. రెండూ నిజమే. ఒకే ప్రొటీన్ రెండు పనులూ చేస్తుంది. కానీ వాపు వచ్చేది కాంప్లిమెంట్ వల్ల కాదు. కల్లిక్రీన్ అదుపు తప్పి బ్రాడికైనిన్ అనే చిన్న పదార్థం ఎక్కువగా తయారవుతుంది, అది రక్తనాళాల గోడలను వదులు చేస్తుంది, నీరు బయటికి ఊరుతుంది. అలర్జీ వాపుకు కారణమైన హిస్టమిన్‌కు ఇక్కడ చోటే లేదు, అందుకే అలర్జీ సూదులు పనిచేయవు. ఇప్పుడు వచ్చిన కొత్త మందుల్లో లనాడెలుమాబ్ కల్లిక్రీన్‌ను పట్టుకుంటుంది, ఐకాటిబంట్ బ్రాడికైనిన్‌కు అడ్డు పడుతుంది. జబ్బును నడిపే దారి ఒకటి, ప్రొటీన్ పేరు చూపించే దారి ఇంకొకటి.

ఇది ఈ ఒక్క ప్రొటీన్‌కు జరిగిన అన్యాయం కాదు. దీని బంధువులందరికీ ఇలాగే జరిగింది.

అదే 1963లో స్వీడన్‌లోని మాల్మో పట్టణంలో కార్ల్-బెర్టిల్ లారెల్, ఆయన దగ్గర పనిచేస్తున్న స్టెన్ ఎరిక్సన్ రక్త నమూనాల పట్టీలు చూస్తున్నారు. రక్తంలోని ప్రొటీన్లను కరెంటు పెట్టి పరుగెత్తిస్తే అవి వేగాన్ని బట్టి చారలుగా విడిపోతాయి. ఆల్ఫా-1 అనే చార దాదాపు 1500 నమూనాల్లో ఐదింటిలో కనిపించలేదు. ఆ ఐదుగురిలో ముగ్గురికి చిన్న వయసులోనే ఊపిరితిత్తులు పాడయ్యాయి. లేని ఆ ప్రొటీన్ పేరు ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్. ట్రిప్సిన్ అంటే క్లోమం నుంచి పేగులోకి వచ్చే జీర్ణ ఎంజైమ్. ప్రయోగశాలలో దాన్ని ఆపింది కాబట్టి ఆ పేరు పెట్టారు. శరీరంలో దాని అసలు పని పేగులో లేదు, ఊపిరితిత్తుల్లో ఉంది. తెల్ల రక్తకణాలు విడిచే ఎలాస్టేజ్ అనే ఎంజైమ్ ఊపిరితిత్తుల సాగే పొరలను కోసేయకుండా కాపలా కాస్తుంది. ఆ పేరు విని విద్యార్థి పేగు వైపు చూస్తాడు, రోగికేమో దమ్ము ఆడదు. ఎందరో శాస్త్రవేత్తలు ఆ పేరు మార్చి ఆల్ఫా-1 ప్రొటీనేజ్ ఇన్హిబిటర్ అందామన్నారు. పాత పేరు కదల్లేదు.

1965లో నార్వేలో ఎగెబర్గ్ అనే వైద్యుడు చిన్న వయసులోనే రక్తం గడ్డలు కట్టే ఒక కుటుంబాన్ని చూశాడు. వాళ్లకు యాంటీత్రాంబిన్ తక్కువ. రక్తం గడ్డకట్టించే త్రాంబిన్‌ను ఆపే ప్రొటీన్ అది. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ సూది పనిచేసేది కూడా దీని ద్వారానే, హెపారిన్ తగిలితే దాని వేగం దాదాపు వెయ్యి రెట్లు పెరుగుతుంది.

మూడేళ్ల లోపు మూడు లోపాలు బయటపడ్డాయి. వాపు ఒకటి, దమ్ము ఒకటి, గడ్డ ఒకటి. ముగ్గురు వేర్వేరు స్పెషలిస్టుల గదుల్లో మూడు వేర్వేరు జబ్బులు. ఆ మూడు ప్రొటీన్లూ ఒకే ఇంటివని ఎవరికీ తెలియదు. తెలిసే దారి కూడా లేదు, ఎందుకంటే ప్రతి పేరూ ఆ ప్రొటీన్ మొదటిసారి ఎవరి కంటికి ఏ పని చేస్తూ కనిపించిందో ఆ పనిని బట్టి పెట్టింది. చుట్టరికాన్ని బట్టి పెట్టిన పేరు ఒక్కటీ లేదు.

చుట్టరికం బయటపడింది కోడిగుడ్డు దగ్గర. తెల్లసొనలోని ప్రొటీన్‌లో సగానికి పైగా ఉండేది ఓవాల్బుమిన్. మార్గరెట్ డేహాఫ్ అనే శాస్త్రవేత్త 1960లలోనే, ఇంకా ఎవరూ దాని విలువ గుర్తించని రోజుల్లో, తెలిసిన ప్రొటీన్లన్నిటి అమైనో ఆమ్లాల, అంటే ప్రొటీన్‌ను కట్టే ఇటుకల, వరుసలు సేకరించి అట్లాసుగా అచ్చు వేస్తూ వచ్చింది. ఈ రోజు మా పిల్లలు అమైనో ఆమ్లాలకు రాసే ఒక్కక్షరం గుర్తులు కూడా ఆమె పెట్టినవే. 1980లో ఆమె, లోయిస్ హంట్ కలిసి ఓవాల్బుమిన్‌ను, యాంటీత్రాంబిన్‌ను, యాంటీట్రిప్సిన్‌ను పక్కపక్కన పెట్టి చూశారు. మూడూ ఒకే మూలం నుంచి వచ్చినవని వరుసలే చెప్పాయి. తమ వ్యాసం శీర్షికలోనే దాన్ని ఆశ్చర్యకరమైన కొత్త ప్రొటీన్ కుటుంబం అని రాసుకున్నారు. ఆశ్చర్యం కాక ఏమిటి? ఓవాల్బుమిన్ ఏ ఎంజైమ్‌నూ ఆపదు. పని చూసి వెతికితే దానికీ యాంటీత్రాంబిన్‌కూ సంబంధం ఎన్నటికీ దొరకదు. "పని తెలిస్తే సరిపోదా" అనే వాళ్లకు నేను మొదట చెప్పేది ఈ కోడిగుడ్డు కథే.

ఐదేళ్ల తర్వాత, 1985లో, రాబిన్ కారెల్, జేమ్స్ ట్రావిస్ ఈ కుటుంబానికి ఒక పేరు పెట్టారు. సెరీన్ ప్రొటీనేజ్ ఇన్హిబిటర్ అనే మాటల ముక్కలు కలిపి సెర్పిన్ అన్నారు. ప్రొటీనేజ్ అంటే ప్రొటీన్లను కోసే ఎంజైమ్. అలాంటి వాటిలో ఒక పెద్ద జాతికి కోసే పదును సెరీన్ అనే అమైనో ఆమ్లం దగ్గర ఉంటుంది. వాటిని ఆపేవి సెర్పిన్లు.

ఆపే తీరు చెప్పకుండా ముందుకు పోలేను, నాకు క్లాసులో చెప్పడానికి అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం అదే. సెర్పిన్ ఒంటి మీద ఒక మెలిక బయటికి పొడుచుకుని ఉంటుంది. అది ఎర. ఎంజైమ్ వచ్చి దాన్ని కొరుకుతుంది. కొరికిన మరుక్షణం తెగిన మెలిక సెర్పిన్ నడుమున ఉన్న మడతల మధ్యకు, చీర కుచ్చిళ్లలో ఇంకో మడత చేరినట్టు, సర్రున దూరిపోతుంది. ఎరను పట్టుకున్న ఎంజైమ్ ఇంకా దానికే అంటుకుని ఉంటుంది కాబట్టి, దాన్ని పై కొస నుంచి కింది కొస దాకా, దాదాపు 70 ఆంగ్‌స్ట్రామ్‌లు (మిల్లీమీటరును కోటి భాగాలు చేస్తే ఒక భాగం ఒక ఆంగ్‌స్ట్రామ్), ఈడ్చుకుపోయి గుద్ది నలిపేస్తుంది. ఎంజైమ్ రూపం చెడి ఇక దేన్నీ కోయలేదు. సెర్పిన్ కూడా అక్కడితో సరి, మళ్లీ పనికిరాదు. కుట్టిన తేనెటీగ తానూ పోయినట్టే. ఈ చివరి దృశ్యాన్ని 2000 సంవత్సరంలో కేంబ్రిడ్జ్‌లో హంటింగ్టన్, రీడ్, కారెల్ స్ఫటిక చిత్రంగా చూపించారు.

ఇంత బిగువుగా అమర్చిన బోను కాబట్టే చిన్న తేడా వచ్చినా పట్టు తప్పుతుంది. యాంటీట్రిప్సిన్‌లో 342వ స్థానంలో గ్లుటామేట్ బదులు లైసిన్ వస్తే, ఒక అణువు మెలిక పక్క అణువు మడతల్లోకి దూరి, ఒకదానికొకటి గొలుసు కట్టుకుని కాలేయంలోనే పేరుకుపోతాయి. ఊపిరితిత్తులకు కాపలా లేకుండా పోతుంది, కాలేయం కూడా దెబ్బతింటుంది.

ఇంకొక సంఘటన చెప్పాలి, ఎందుకంటే నా వాదనకు అదే వెన్నెముక. అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో ఒక అబ్బాయికి రక్తస్రావం ఆగని జబ్బు. పద్నాలుగేళ్లకే చనిపోయాడు. అతని రక్తంలో గడ్డకట్టే ప్రొటీన్ల లోపం ఏమీ లేదు. 1983లో కారణం బయటపెట్టారు. అతని యాంటీట్రిప్సిన్‌లో 358వ స్థానంలో, సరిగ్గా ఎర ఉండే చోట, మెథియోనిన్ బదులు ఆర్జినిన్ ఉంది. యాంటీత్రాంబిన్ ఎరలో ఉండేది ఆర్జినిన్. ఆ ఒక్క మార్పుతో ఊపిరితిత్తుల కాపలాదారు త్రాంబిన్‌ను పట్టడం మొదలుపెట్టింది, రక్తం గడ్డకట్టడం ఆగిపోయింది. పేరు యాంటీట్రిప్సిన్, చేస్తున్నది యాంటీత్రాంబిన్ పని. ఒక్క అమైనో ఆమ్లం మారితే పని మారిపోయింది, వంశం మాత్రం మారలేదు. మరి దేన్ని బట్టి పేరు పెట్టాలి?

2001లో ఈ కుటుంబం మీద పనిచేసే శాస్త్రవేత్తలు దీనికి జవాబు ఇచ్చారు. అప్పటికి తెలిసిన సెర్పిన్లను అమైనో ఆమ్లాల పోలికను బట్టి ఎ నుంచి పి దాకా పదహారు శాఖలు చేశారు. మనిషిలో ఉన్నవి ఎ నుంచి ఐ దాకా తొమ్మిది శాఖల్లో సర్దుకున్నాయి. జన్యువు పేరులో ముందు సెర్పిన్, తర్వాత శాఖ అక్షరం, ఆ తర్వాత అంకె. యాంటీట్రిప్సిన్ సెర్పిన్ ఎ1 అయింది, యాంటీత్రాంబిన్ సెర్పిన్ సి1, సి1 ఇన్హిబిటర్ సెర్పిన్ జి1.

ఈ పద్ధతి మనకు కొత్త కాదు. ముందు ఇంటిపేరు, తర్వాత సొంత పేరు అనేది తెలుగువాళ్లు రాసుకునే పద్ధతే. మా క్లాసులో ఒక అబ్బాయి ఇంటిపేరు ఒక ఊరి పేరు. ఆ ఊరిని వాళ్ల తాతల తాతలు ఎప్పుడో వదిలేశారు, అతను ఒక్కసారి కూడా చూడలేదు. అయినా ఆ పేరు వల్లే నిజామాబాద్‌లో ఉన్న దాయాదులెవరో, సిరిసిల్లలో ఉన్నవాళ్లెవరో తెలుస్తుంది. ఇంటిపేరు మనిషి ఇప్పుడు ఎక్కడున్నాడో, ఏం చేస్తున్నాడో చెప్పదు. ఎక్కడి నుంచి వచ్చాడో చెప్తుంది. సెర్పిన్ మాటా అంతే. మనిషిలో ఉన్న 36 సెర్పిన్లలో ఏడు దేన్నీ ఆపవు. ఒకటి థైరాయిడ్ హార్మోన్‌ను మోస్తుంది, ఒకటి కార్టిసాల్‌ను మోస్తుంది, సెర్పిన్ హెచ్1 కొలాజెన్ సరిగ్గా ముడుచుకునేలా చూస్తుంది. సెర్పిన్ బి3 ఆపేది సెరీన్ ఎంజైమ్‌లను కాదు, సిస్టీన్ జాతి ఎంజైమ్‌లను. పేరులో సెరీన్ ఉంది, ఇన్హిబిటర్ ఉంది, వీటికి వాటిలో ఒకటో రెండో వర్తించవు. కొందరు దీన్ని తప్పుగా చూపిస్తారు. నేను ఒప్పుకోను. అది ఇప్పుడు పని పేరు కాదు, ఇంటిపేరు.

చిన్నమ్మ బీపీ మాత్ర దగ్గరికి మళ్లీ వస్తానన్నాను కదా. బీపీని పెంచే యాంజియోటెన్సిన్ ఒక పెద్ద ప్రొటీన్ నుంచి తెగి వస్తుంది. ఆ పెద్ద ప్రొటీన్ యాంజియోటెన్సినోజెన్, అదీ సెర్పినే, ఎ శాఖలో ఎనిమిదోది. దాని నుంచి వచ్చే ముక్కను చివరికి పనిచేసే యాంజియోటెన్సిన్‌గా మార్చే ఎంజైమ్‌ను రామిప్రిల్ ఆపుతుంది, బీపీ తగ్గుతుంది. కానీ అదే ఎంజైమ్ బ్రాడికైనిన్‌ను కూడా విరగ్గొడుతుంది. దాన్ని ఆపితే బ్రాడికైనిన్ నిలిచిపోతుంది. సి1 ఇన్హిబిటర్ తక్కువ ఉన్న మనిషికి ఇది నిప్పు మీద కిరోసిన్. బీపీకి మూలమైనది, వాపును ఆపాల్సినది ఒకే ఇంటి దాయాదులు. చుట్టరికం తెలిసినంత మాత్రాన ఆ రాత్రి తప్పేదని నేను అనను. కానీ ఈ కుటుంబాన్ని కుటుంబంగా చదువుకున్న విద్యార్థి రేపు మందుల షాపులోనో, క్లినిక్‌లోనో ఆ మాత్ర రాసిన చీటీ చూసి ఒక్క క్షణం ఆగుతాడని నా నమ్మకం.

ఇంతగా సమర్థించిన కొత్త పద్ధతిలోనే మా చెల్లెను దెబ్బతీసిన గుంత కూడా ఉంది. అది దాచిపెట్టి వాదించడం నాకు ఇష్టం లేదు.

చిన్నమ్మ జబ్బు బయటపడ్డాక ఆమె బిడ్డకు కూడా పరీక్షలు చేశారు. సి4 కాస్త తక్కువ, అవునో కాదో తేల్చలేని స్థాయి. జన్యు పరీక్ష చేయిద్దామన్నారు. చీటీ మీద డాక్టరు సి1 ఇన్హిబిటర్ జన్యువు అని రాశారు. నమూనా తీసుకున్న చోట దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించినవాళ్లు సెర్పిన్ సి1 ఎంచుకున్నారు. సి1 అని ఉంది కదా, సెర్పిన్ అని వెతికితే సి1 కనిపించింది కదా. కానీ సెర్పిన్ సి1 అంటే యాంటీత్రాంబిన్. అక్కడ సి అంటే మూడో శాఖ అని మాత్రమే, కాంప్లిమెంట్‌తో దానికి ఏ సంబంధమూ లేదు. సి1 ఇన్హిబిటర్ జన్యువు సెర్పిన్ జి1. పాత పేరులోని సి1, కొత్త పేరులోని సి1 అక్షరం పొల్లుపోకుండా ఒకటే, అర్థాలు మాత్రం పూర్తిగా వేరు. రిపోర్టు వచ్చింది. మార్పులేమీ కనపడలేదని ఉంది. ఇంట్లో పాయసం చేసుకున్నారు.

నేను ఆ రిపోర్టు చూసింది బతుకమ్మకు ఊరికి పోయినప్పుడు. సంతోషంగా తెచ్చి నా చేతిలో పెట్టింది చెల్లె. రెండో పేజీలో క్రోమోజోమ్ 1 అని కనపడింది. సి1 ఇన్హిబిటర్ జన్యువు ఉండేది క్రోమోజోమ్ 11లో. ముందు అచ్చు తప్పేమో అనుకున్నాను. ఇంకో రెండు లైన్లు చదివితే యాంటీత్రాంబిన్ అన్న మాట దొరికింది. బయట చప్పట్లు కొడుతూ పాడుతున్నారు, నేను గడపలో నిలబడి ఆ కాగితాన్ని మూడుసార్లు చదివాను. చెప్పక తప్పదు, చెప్పాను. పన్ను తీయించుకునే తేదీ పండుగ తర్వాత వారానికి ఉందని అప్పుడే తెలిసింది. ఈ లోపం ఉన్నవాళ్లకు నోట్లో చిన్న కోత పడినా గంటల్లో వాపు గొంతుకు దిగవచ్చు.

రెండోసారి సెర్పిన్ జి1 చూశారు. తల్లికి ఉన్న మార్పే బిడ్డకూ ఉంది.

పేరు మార్పు వల్ల వచ్చే గందరగోళం మా జిల్లా వాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. చిన్నమ్మ వాళ్ల ఊరు 2016 అక్టోబరు దాకా వరంగల్ జిల్లా, ఆ తర్వాత వరంగల్ రూరల్, 2021 నుంచి హనుమకొండ జిల్లా. అంతకు ముందు అర్బన్ అన్నది హనుమకొండ అయింది, రూరల్ అన్నది వరంగల్ అయింది. ఊరు అంగుళం కదల్లేదు. ఆధార్‌లో ఒకటి, పట్టా పాస్‌బుక్‌లో ఒకటి, రేషన్ కార్డులో ఒకటి. "వరంగల్ జిల్లా" అన్న కాగితం చూస్తే అది ఏ ఏడాది రాసిందో తెలిస్తే తప్ప ఏ ఊళ్లను లెక్కేసిందో చెప్పలేం. అందుకే ఆఫీసులో తెలివైన గుమాస్తా ఎవరైనా రెండు పేర్లూ అడుగుతాడు, ఇప్పటి జిల్లా ఏది, పాత జిల్లా ఏది అని. జన్యువుల విషయంలో మనం ఆ పాటి జాగ్రత్త కూడా తీసుకోవడం లేదు.

పాత పేర్లను తీసేయాలని నేను అనడం లేదు. డాక్టరు నోట వచ్చేది, రోగి ఫైలులో ఉండేది ఆ పేర్లే. నలభై ఏళ్ల కింది కేసు వెతకాలంటే ఆ పేరుతోనే వెతకాలి. కొత్త పేరు వద్దని కూడా అనను, చుట్టరికం చెప్పేది అదొక్కటే. రెండూ పక్కపక్కన రాయాలి, ప్రతి చోటా. పరీక్షకు పంపే చీటీలో ప్రొటీన్ పాత పేరు, జన్యువు పేరు, క్రోమోజోమ్ నంబరు, ఏ జబ్బు అనుమానిస్తున్నారో ఒక మాట. నాలుగూ ఉంటే వాటిలో ఏ ఒక్కటి తప్పు పడినా మిగతా మూడు అరుస్తాయి. మా చెల్లె చీటీలో ఒక్కటే ఉంది కాబట్టి తప్పు చప్పుడు చేయకుండా దాటిపోయింది. దీనికి కొత్త యంత్రం అక్కర్లేదు, అదనపు ఖర్చు లేదు. ఇంకో రెండు లైన్ల సిరా కావాలి.

క్లాసులో నేను చెప్పే తీరు కూడా అప్పటి నుంచి మారింది. ఇదివరకు రక్తం గడ్డకట్టే పాఠంలో యాంటీత్రాంబిన్, శ్వాస పాఠంలో యాంటీట్రిప్సిన్, రోగనిరోధక పాఠంలో సి1 ఇన్హిబిటర్ విడివిడిగా వచ్చేవి, పుస్తకంలో అలాగే ఉంటాయి. ఇప్పుడు ముందు కోడిగుడ్డు పగలగొడతాను. తెల్లసొన చూపించి, ఈ ఇంటివాళ్లు మన ఒంట్లో ఎక్కడెక్కడ ఉన్నారో చెప్పుకుందాం అంటాను. ఒక్కొక్కరిని పిలిచి, పాత పేరు ఏమిటి, ఆ పేరు ఎవరు ఏం చూసి పెట్టారు, ఇంటిపేరు ఏమిటి అని మూడు ప్రశ్నలు అడుగుతాను. పోయినసారి పరీక్షలో సెర్పిన్ సి1 ఏమిటని అడిగితే, డెబ్బై మందిలో సి1 ఇన్హిబిటర్ అని రాసినవాళ్లు ఐదుగురే. ఆ ఐదుగురినీ పిలిచి కూర్చోబెట్టి మళ్లీ చెప్పాను.

చిన్నమ్మకు, చెల్లెకు చెరో కార్డు రాసిచ్చాను, పర్సులో పెట్టుకోమని. తెలుగులో, పెద్ద అక్షరాలతో. ఇది అలర్జీ కాదు. వంశపారంపర్య వాపు. సి1 ఇన్హిబిటర్ లోపం. జన్యువు సెర్పిన్ జి1. రామిప్రిల్, ఎనలాప్రిల్ జాతి బీపీ మాత్రలు వద్దు. చిన్నమ్మ దాన్ని వేలితో చూపిస్తూ చదివి అడిగింది, "జి అంటే ఏంది బిడ్డా?" ఏడో శాఖ చిన్నమ్మా, మన ఒంట్లో ఆ శాఖల ఇదొక్కటే ఉంది అన్నాను. "ఒక్కతే పాపం" అని కార్డు మడిచి రవికెలో పెట్టుకుంది.

చెల్లె పన్ను సంక్రాంతి దాటాక, పెద్దాసుపత్రికి అనుబంధంగా ఉన్న చోట తీశారు. నేను వెంట పోలేకపోయాను, పరీక్షల డ్యూటీ. సాయంత్రం ఫోన్ చేసి చెప్పింది. కార్డు ఇస్తే దంతవైద్యుడు చదివి, "సి1 కదమ్మా, ఇక్కడ జి1 అని రాశారేంటి?" అని అడిగాడట. "సి1 ఇన్హిబిటర్ అనేది ప్రొటీన్ పేరు సార్. జన్యువు పేరు జి1" అని చెప్పిందట. ఆయన సరేనని ఆ రెండు పేర్లూ కేస్ షీట్ మీద ఎక్కించుకున్నాడు. ముందు జాగ్రత్తగా ఎక్కించాల్సిన ప్లాస్మా అప్పటికే పైఅంతస్తు నుంచి కిందికి వచ్చి ఉంది.